తూనిస్ ఇంటి కింది నీళ్ళు

రోటర్‌డామ్‌లో మా విల్గెన్ వీధి సముద్రమట్టానికి నిలువెత్తు మనిషి లోతున ఉంది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ తలచుకోరు. తలచుకునేవాడు ఒక్కడే, పద్దెనిమిదో నంబరు ఇంటి తూనిస్ వెర్హాగె. మా అందరి వంతు భయమూ ఆయనొక్కడే పడేవాడు కాబట్టి మేం నిశ్చింతగా నిద్రపోయేవాళ్ళం. ఆ రకంగా చూస్తే ఆయన చేసింది ప్రజాసేవ. దానికి ఎవరూ సన్మానం చెయ్యలేదు.

చూడ్డానికి భయస్థుడిలా ఉండడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, గుమ్మానికి సరిపడా భుజాలు, ముప్పై ఏళ్ళకు పైగా ట్రామ్ నడిపిన చేతులు. ఉద్యోగంలో చేరిన రోజున ఏ దారి కావాలని పై అధికారి అడిగితే, వంతెనలు ఎందులో తక్కువుంటే అది ఇప్పించండి అన్నాడట. ఈ ఊళ్ళో ఆ కోరిక కోరినవాడు ఆయనకు ముందు లేడు, తర్వాతా లేడు. రెండే వంతెనలున్న దారి ఒకటి వెతికి ఇచ్చారు. ఆ రెండింటి మీదా ట్రామ్ కాస్త తొందరగా పోయేదని ఆ దారిన తిరిగిన ముసలమ్మలు చెబుతారు.

రేడియోలో నదుల నీటిమట్టాలు చదివే వేళకి ఆయన కాఫీ కప్పు కింద పెట్టేసేవాడు. ఎక్కడో జర్మనీలో రైన్ నది జానెడు పెరిగిందని వింటే ఆ పూట ఇక్కడ బంగాళదుంపలు సగమే తినేవాడు. మంచం పక్కన రబ్బరు బూట్లు. అటక మీద గొడ్డలి. అటక మీద గొడ్డలి ఎందుకయ్యా అంటే, "ఇంటి కప్పు పగలగొట్టడానికి" అనేవాడు, గొడుగెందుకంటే వానకి అన్నంత మామూలుగా.

మేం నవ్వేవాళ్ళం. ఆయన భార్య యాన్నా ఒకసారి మా వంటింట్లో కూర్చుని అసలు సంగతి చెప్పాక మా ఇంట్లో మాత్రం నవ్వడం మానేశాం. 1953 ఫిబ్రవరి ఒకటో తేదీన జేలాండ్ దీవుల కట్టలు తెగి సముద్రం ఊళ్ళ మీద పడినప్పుడు తూనిస్‌కి ఏడేళ్ళు. తండ్రి పిల్లలిద్దరినీ అటక ఎక్కించి, కింది గదిలో పడుకున్న నాయనమ్మ కోసం మళ్ళీ దిగాడు. పైకి ఒక్కడే వచ్చాడు. కప్పు పెంకులు పగలగొట్టడానికి ఆ ఇంట్లో చేతులు తప్ప ఇంకేమీ మిగల్లేదు. పడవ వచ్చేదాకా రెండు రోజులు ఆ కన్నంలోంచి తలలు బయటపెట్టి కూర్చున్నారు. ఇదంతా తూనిస్ నోటివెంట ఎవరూ వినలేదు. యాన్నాకి కూడా మామగారే చెప్పాడట.

అలాంటివాడు 1979లో మా వీధిలో ఇల్లు కొన్నాడు. తెలిసి చేసిన పని కాదు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు పైకప్పు చూస్తారు, కిటికీలు చూస్తారు, పక్కింటివాళ్ళ మొహాలు చూస్తారు. చాప కింద చూసేవాడు అరుదు.

మా వరసలో ఎనిమిది ఇళ్ళు. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు ఉంటాయి, మధ్య గోడలు ఉమ్మడివి. తొంభై ఏళ్ళ కిందట కట్టారు. నిలబడింది నేల మీద కాదు, బురదలోకి దిగ్గొట్టిన పైన్ దుంగల మీద. ప్రతి ఇంట్లోనూ గుమ్మం దాటగానే చాప, చాప కింద చెక్క మూత, మూత కింద మనిషి పాకితే పట్టేంత ఖాళీ. పైపులు బాగుచేసేవాడు తప్ప అందులోకి ఎవరూ దిగరు. ఇంట్లో చేరిన మొదటి వారంలోనే తూనిస్ ఆ మూత ఎత్తి చూశాడు. కింద నీళ్ళు. నల్లగా, కదలకుండా, నడవలోని దీపం అందులో కనబడుతూ.

ఆ నీళ్ళు మా అందరి ఇళ్ళ కిందా ఉన్నాయి. అవి అక్కడ ఉండాలనే ఇళ్ళు కట్టినవాళ్ళు అనుకున్నారు. ఎందుకలా అనుకున్నారో మాలో ఎవరూ అడగలేదు, తూనిస్ అసలే అడగలేదు. శనివారం వెళ్ళి పంపు కొనుక్కొచ్చాడు. నీళ్ళు కాస్త పైకి రాగానే దానంతట అదే తోడేసి, తగ్గగానే ఆగిపోయే రకం. దాని గొట్టాన్ని పెరట్లో పూలమొక్కల కిందుగా పూడ్చి, వెనక కాలువలోకి వదిలాడు. ఈ కార్యం రెండు శనాదివారాలు సాగింది. ఆ పని చేస్తున్నంతసేపూ తులిప్ దుంపలు నాటుతున్నాడని మేం అనుకున్నాం. యాన్నా నిజంగానే పైన నాలుగు నాటింది, అబద్ధం అవ్వకుండా.

అప్పటినుంచి ఆయన ఇంటి కింద నేల ఎండిపోయింది. ఊడ్చాడు, ఇసక పోశాడు, గోడలకి సున్నం వేశాడు, యాన్నా పెట్టిన చిక్కుడు గింజల సీసాలు వరసగా పేర్చాడు. నెలకొకసారి దిగి, మోకాళ్ళ మీద పాకుతూ నేల తడిమి చూసి, పొడిగా ఉన్న అరచేతులు చూసుకుంటూ పైకి వచ్చేవాడు. ఆ రోజు బంగాళదుంపలు పూర్తిగా తినేవాడు.

ఎవరికీ చెప్పలేదు. భయపడినందుకు ఆయనకు సిగ్గు. నడవలో సన్నగా ఏదో గుర్‌మంటోందేమిటని వచ్చినవాళ్ళు అడిగితే యాన్నా "ఫ్రిజ్జు" అనేది. "ఫ్రిజ్జు వంటింట్లో కదా?" అంటే, "అదక్కడుంది, శబ్దం ఇక్కడికొస్తుంది" అని కాఫీ తేవడానికి లేచేది. ముప్పై రెండేళ్ళలో ఈ జవాబుని ఎవరూ కాదనలేదు. నేను ఇరవయ్యో నంబరులో, ఆ గోడకి ఇవతల ఉంటాను. నేనూ ఫ్రిజ్జే అనుకున్నాను.

2011 వసంతంలో పదహారో నంబరు రీక్ గారి వీధి తలుపు మూసుకోవడం మానేసింది. రీక్ ఎనభై దాటిన మనిషి, భర్త సీమ్ పోయి చాలాకాలమైంది, నోరు మాత్రం అలాగే ఉంది. తలుపు పైన గోడలో ఒక బీట కనబడింది. మొదట వెంట్రుకలా ఉండేది, పుట్టినరోజు నాటికి వేలు దూరేంత అయింది.

పుట్టినరోజున ఆవిడ ముందుగదిలో కుర్చీలు గోడల వెంబడి గుండ్రంగా వేసింది. ఇక్కడ ఎవరి పుట్టినరోజైనా వచ్చినవాళ్ళందరూ వచ్చినవాళ్ళందరికీ చెయ్యి కలిపి అభినందనలు చెప్పుకోవాలి. పుట్టింది ఒకరైనా పుణ్యం అందరిదీ. తూనిస్ వరసగా అందరి చేతులూ ఊపి, గోడవైపు చూడకుండా తన కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండో నంబరు ఓకర్సె గారు అప్పుడే లేచారు. ఆయన నోటరీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, వరస ఇళ్ళ సంఘానికి అధ్యక్షుడు, ఇంట్లో ఉప్పు అయిపోయినా తీర్మానం రాసే రకం. జేబులోంచి గాజు గోళీ ఒకటి తీసి అందరికీ చూపించి నేల మీద పెట్టారు. గోళీ కాసేపు ఆలోచించుకుని బయల్దేరింది. బల్ల కింద నుంచి, కుర్చీల కాళ్ళ మధ్య నుంచి దొర్లి వెళ్ళి తూనిస్ బూటుకి తగిలి ఆగింది.

"పద్దెనిమిది వైపు ఒరుగుతోంది ఇల్లు" అన్నారు ఓకర్సె, శవపంచనామా చదువుతున్నట్టు.

"ఈ వయసులో పక్కింటి మగాడి మీదకి ఒరుగుతానని మా సీమ్ అనుకుని ఉండడు" అంది రీక్. "కేకు తీసుకోండి. ఒకటే ముక్క, ఓకర్సె, నువ్వు కాదు అధ్యక్షుడివి ఇక్కడ."

అందరూ నవ్వారు. తూనిస్ నవ్వలేదు. గోళీని కాలితో జరపలేదు, చేత్తో తియ్యలేదు. పాము మీద కాలు పెట్టినవాడు కదలనట్టు అలాగే కూర్చున్నాడు.

సంఘం మున్సిపాలిటీకి ఉత్తరం రాసింది. నెల తిరక్కుండా ఫెన్నా అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా బురద, మాట నిదానం. మా వీధి పేవ్‌మెంట్‌లో అక్కడక్కడా ఇనప మూతలున్న సన్నటి గొట్టాలు ఉంటాయి. వాటిలోకి ఆవిడ కొలతపట్టీ చివర బోలు సీసపు గుండు కట్టి వదులుతుంది. గుండు నీళ్ళకి తగిలినప్పుడు కప్ప దూకినట్టు ఒక చప్పుడవుతుంది. అప్పుడు పట్టీ చదివి పుస్తకంలో రాసుకుంటుంది. ఎనిమిది ఇళ్ళవాళ్ళమూ వెనకాల నిలబడి ఆ కప్ప చప్పుడు విన్నాం. తూనిస్ ఇంటి ముందున్న గొట్టంలో గుండు దిగుతూనే ఉంది, చప్పుడు ఎంతకీ రాలేదు.

"వీధి మొత్తం నీళ్ళు ఒకే మట్టంలో ఉన్నాయండీ" అంది ఫెన్నా. "ఇక్కడ మాత్రం, పద్నాలుగు నుంచి ఇరవై దాకా, పళ్ళెంలో సొట్టలా దిగిపోయాయి. రెండు జానల పైనే."

"ఎవరు తాగుతున్నారు మరి?" అన్నారు ఓకర్సె.

"పెద్ద చెట్టయినా తాగాలి, పగిలిన మురుగు గొట్టమైనా తాగాలి, లేదా ఎవరైనా తోడేస్తుండాలి."

"తోడేస్తే ఏం చేసుకుంటారమ్మా, ఈ దేశంలో నీళ్ళు దాచుకునేవాడెవడు" అంది రీక్. ఈసారీ అందరం నవ్వాం. తూనిస్ కిటికీలో కుండీలకి నీళ్ళు పోయాలని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళాడు. అవి ప్లాస్టిక్ పువ్వులు.

మర్నాడు రీక్ ఇంటి ముందు గొయ్యి తవ్వారు. దుంగల తలలు బయటపడ్డాయి. ఫెన్నా దిగి సూదిలాంటి ఇనప పరికరంతో ఒక్కొక్క దాన్నీ పొడిచింది. పొడిచిన ప్రతిసారీ గట్టు మీద తూనిస్ భుజం అదిరింది.

"నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం ఈ కొయ్య రాయిలాంటిది" అంది. "మూడు వందల ఏళ్ళయినా ఉంటుంది. గాలి తగిలితే పాతికేళ్ళలో రొట్టె అయిపోతుంది. ఇది పైన మూడు వేళ్ళ మేర రొట్టె. లోపల ఇంకా బాగానే ఉంది. చలికాలం లోపు నీళ్ళు పాత మట్టానికి వచ్చి, మూడు వారాలు నిలకడగా ఉంటే మీ ఇళ్ళు నిలబడతాయి. రాకపోతే వరసంతా ఖాళీ చెయ్యమని రాయక తప్పదు. ఎనిమిది ఇళ్ళకీ."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ఈ ఊళ్ళో ఇల్లు దొరకడం ఎంత కష్టమో పెళ్ళికాని పిల్లలున్న ప్రతివాడికీ తెలుసు. రీక్ తన ఇంటి గోడ మీద, బీట లేని చోట, చెయ్యి ఆనించి నిలబడింది.

మిగతావాళ్ళు వెళ్ళాక తూనిస్ గొయ్యి దగ్గరే ఉండిపోయాడు. నేను నా సైకిల్ తాళం తీస్తూ ఉన్నాను కాబట్టి విన్నాను.

"ఏమమ్మా, నాకు తెలిసినాయన ఒకడున్నాడు. వేరే ఊరు. ఇంటి కింద చిన్న పంపు పెట్టుకున్నాడు. చిన్నదే. దానివల్ల ఏమన్నా..."

"ఎన్నేళ్ళయింది?"

"కొన్నేళ్ళు. ముప్పై."

ఫెన్నా చేతులు తుడుచుకుంటూ ఆయన మొహం కేసి చూసింది. "ఆయన్ని ఇవాళే ఆపెయ్యమనండి" అంది. "నీళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయని చెప్పండి. అక్కడ ఉంటేనే ఇల్లు నిలబడేది."

"చెబుతాను" అన్నాడు తూనిస్. "కానీ ఆయన పిరికివాడు."

నేను సైకిలెక్కి వెళ్ళిపోయాను. వేరే ఊరి పిరికివాడి గురించి నాకెందుకనుకున్నాను. బుద్ధిమంతుడినన్న పేరు నాకు వీధిలో ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత ఆరు వారాలు పద్దెనిమిదో నంబరులో జరిగింది కొంత యాన్నా చెప్పింది, కొంత గోడ చెప్పింది. మొదటి రోజు పొద్దున రొట్టె తిన్నాక తూనిస్ పంపు ఆపి, చాప తీసి, మూత ఎత్తి, నడవలోకి దిగే మేడమెట్ల ఆఖరి మెట్టు మీద టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాడు. పదకొండు గంటలకి ఇసక రంగు మారింది. మధ్యాహ్నానికి ఒక మూల ఏదో మెరిసింది. మెరిసిందని అరవలేదు, పిలవలేదు. యాన్నా వచ్చి చూసేసరికి పంపు మళ్ళీ తిరుగుతోంది, ఆయన చెయ్యి స్విచ్చి మీద ఉంది. చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో ఆయనకే తెలియదట.

"ఆపెయ్యి తూనిస్."

"ఆపితే వస్తాయి."

"రానీ. వచ్చినా ఆ కిందే ఉంటాయన్నారుగా. పైన మూత ఉంది."

"మా నాయనమ్మ గదికీ తలుపుండేది" అన్నాడు తూనిస్.

 వారం తర్వాత మళ్ళీ ఒకసారి ఆపాడు. ఈసారి తడి మూల దాకా రానే లేదు, అంతకుముందే చెయ్యి వెళ్ళిపోయింది. తిండి తగ్గింది, ప్యాంటు వదులైంది. ఒక భయం ఇంటి కింద ఉంది, ఇంకో భయం గోడ అవతల ఉంది, మధ్యలో ఆయన స్విచ్చి దగ్గర నిలబడి ఉన్నాడు. ఏది పెద్దదో తేలలేదు. నేను వెళ్ళి చెప్పేస్తాను అని యాన్నా కోటు తొడుక్కుంటే, వద్దు, నేనే చెబుతాను అని కోటు విప్పించేవాడు. అలా నాలుగుసార్లు ఆ కోటు ఎక్కింది, దిగింది.

ఇంతలో మురుగు గొట్టంలోకి కెమెరా పంపి చూశారు. ఎక్కడా పగల్లేదు. ఇక మిగిలింది రీక్ పెరట్లోని అక్రోటు చెట్టు. రెండంతస్తుల ఎత్తు. పెళ్ళయిన ఏడు సీమ్ నాటాడు. ఓకర్సె సమావేశం పెట్టి తీర్మానం చదివారు: జలాపహరణ దోషము ఆరోపింపబడిన సదరు వృక్షమును తొలగించుటకు. చేతులెత్తమన్నారు. ఏడు చేతులు లేచాయి, అందులో రీక్ చెయ్యి కూడా ఉంది.

"నన్ను జాలిగా చూడకండి" అందావిడ. "చెట్టులో కాపురం చెయ్యలేనుగా. ఇల్లు కావాలి."

ఎనిమిదో చెయ్యి తూనిస్‌ది. అన్నిటికంటే ఆఖర్న లేచింది. పొడుగు మనిషి కావడంతో అందరికంటే పైకి కనబడింది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి చెట్టు నరికేవాడు వచ్చాడు. నిచ్చెన వేశాడు, నడుముకి తాడు కట్టుకున్నాడు, రంపం పైకి లాక్కున్నాడు. ఎనిమిది ఇళ్ళవాళ్ళమూ రీక్ పెరట్లో చేరాం. రావాలని ఎవరూ అనలేదు, ఇంట్లో ఉండిపోవడానికి మొహం చెల్లలేదు. రీక్ ఆదివారం కోటు తొడుక్కుని, వంటింటి కుర్చీ తెచ్చుకుని చెట్టుకి ఎదురుగా కూర్చుంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని.

తూనిస్ కంచె దాటి వచ్చాడు. కాళ్ళకి రబ్బరు బూట్లు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"దిగు నాయనా" అన్నాడు పైకి చూసి.

"తీర్మానం అయిపోయింది తూనిస్" అన్నారు ఓకర్సె. "అనుమతి కాగితం కూడా ఉంది."

"తాగింది చెట్టు కాదు. నేను."

"నువ్వు తాగడమేమిటయ్యా" అంది రీక్. "నా పుట్టినరోజుకే కాఫీ దాటవు."

"నా ఇంటి కింద పంపుంది. ముప్పై రెండేళ్ళ నుంచి తోడుతున్నాను. గొట్టం కాలువలోకి ఉంది. ఆ తులిప్‌ల కింద."

 కొమ్మ మీంచి చెట్టు నరికేవాడు, "అయితే నేను దిగొచ్చా, ఇంకా మాట్లాడుకుంటారా?" అన్నాడు.  అతను కొమ్మ మీదే కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు.

"నీకు తెలిసే చేశావా?" అన్నారు ఓకర్సె. ఆయన గొంతులో అధ్యక్షుడు లేడు, ఇల్లు పోతుందనుకుంటున్న ముసలాయన ఉన్నాడు.

"మొదట తెలియదు. ఆరు వారాల నుంచి తెలుసు."

"తెలిసీ చెయ్యెత్తావు."

"ఎత్తాను."

"మా కింద నేల తోడేసి, నేరం చెట్టు మీద పెట్టి..."

"నువ్వాగు ఓకర్సె" అంది రీక్. కుర్చీలోంచి లేవకుండానే తూనిస్ కేసి తిరిగింది. "ఎందుకు తోడావు?"

  ఆయన చేత్తో కింద, తన కాళ్ళకున్న బూట్ల వైపు చూపించాడు. ఆ బూట్ల సంగతి తెలిసినవాళ్ళెవరికీ వేరే జవాబు అక్కర్లేదు.

రీక్ ఆ బూట్ల కేసి చూసింది. "నా ఇంట్లో కొవ్వొత్తి చూశావా ఎప్పుడైనా?" అంది. "పుట్టినరోజున కేకు మీదైనా సరే? చూసి ఉండవు. యుద్ధంలో బాంబులు పడి ఈ ఊరు తగలబడిన రోజున నాకు పదేళ్ళు. నీకు నీళ్ళు, నాకు నిప్పు. తేడా ఏమిటంటే నా పిచ్చికి నీ గోడ పగల్లేదు." సంచి చంకన పెట్టుకుని లేచింది. "పద. ఆపుదువు గాని."

ఎనిమిది ఇళ్ళవాళ్ళం ఆ ఇరుకు నడవలో నిలబడ్డాం, సగం మంది మెట్ల మీద. ఎదురుగా గోడకి స్విచ్చి. దాని చుట్టూ సున్నం వేలి మరకలతో నల్లబడి ఉంది. తూనిస్ దగ్గరకెళ్ళి ఆగిపోయాడు.

"నేను నొక్కనా?" అంది రీక్.

"వద్దు. ఒక్క నిమిషం."

"ముప్పై రెండేళ్ళు తీసుకున్నావు, ఇంకో నిమిషం తీసుకో."

యాన్నా వచ్చి ఆయన రెండో చెయ్యి పట్టుకుంది. స్విచ్చి చప్పుడైంది. గుర్‌మనే శబ్దం ఆగింది. అది ఆగాకే అది ఎంతకాలంగా మా గోడల్లో ఉందో తెలిసింది. నాకు చెవులు దిబ్బళ్ళు వేసినట్టయింది. తూనిస్ మెట్టు మీద కూలబడి, "ఎవరూ వెళ్ళకండి" అన్నాడు.

ఉండిపోయాం. కానీ ఎంతసేపని ఉంటారు, మధ్యాహ్నానికి ఒక్కొక్కరే జారుకున్నారు. ఓకర్సె గారు ఆ రోజుకీ, ఆ వారానికీ తూనిస్‌తో మాట్లాడలేదు. రీక్ మాత్రం తన వంటింటి కుర్చీ ఆ నడవలోకి తెప్పించుకుంది. రోజూ పొద్దున వచ్చి, తెరిచిన మూత పక్కన కూర్చుని, బంగాళదుంపలు చెక్కు తీస్తూ తూనిస్‌కి కాపలా కాసేది. ఆవిడ కాపలా నీళ్ళకి కాదు, స్విచ్చికి.

ఫెన్నా ఒక కర్ర మీద ఎర్రగీత గీసి కింద పాతింది. "పాత మట్టం ఇది. ఇక్కడికొచ్చి ఆగుతాయి."

"ఆ సంగతి నీళ్ళకి చెప్పారా?" అన్నాడు తూనిస్. పరిహాసానికి అనలేదు.

రోజుకి వేలి మందం చొప్పున నీళ్ళు పెరిగాయి. మొదట ఇసక నల్లబడింది, తర్వాత మూలల్లో మెరుపులు వచ్చాయి, అవన్నీ కలిసి ఒక పలచటి పొర అయింది. చిక్కుడు సీసాలు యాన్నా ముందే పైకి తీసేసింది, ఒకటి మర్చిపోయింది, అది తేలుతూ ఫెన్నా పాతిన కర్ర చుట్టూ తిరిగేది. తూనిస్ జ్వరమొచ్చినవాడిలా ఉండేవాడు, మెట్టు దిగేవాడు కాదు. నడవలో దీపం మళ్ళీ నీళ్ళలో కనబడిన రోజున ఆయన లేచి గోడ పట్టుకుని బయటికెళ్ళి వీధిలో నిలబడ్డాడు. రీక్ వెనకాలే వెళ్ళి, "చలి, లోపలికి రా" అనలేదు. తన శాలువా తెచ్చి ఆయన మీద కప్పి పక్కన నిలబడింది. ఆయన భుజం దాకా కూడా రాదావిడ.

నెల దాటుతుండగా నీళ్ళు గీత దగ్గర ఆగాయి. మూడు వారాలు అలాగే ఉండాలి. రెండు వారాలు ఉన్నాయి. మూడో వారం శనివారం తెల్లవారి మొదలైన వాన మధ్యాహ్నమైనా తగ్గలేదు. వీధి చివర కాలువ గట్టు ఒరుసుకుంటూ పారుతోంది. రేడియో నదుల పేర్లు చదువుతుంటే యాన్నా ఆపేసింది. గీత మీద నీళ్ళు ఒక దారప్పోగంత ఎక్కాయి. తూనిస్ స్విచ్చి దగ్గరికి వెళ్ళాడు.

రీక్ కత్తి ఆపింది. 

ఆయన స్విచ్చి నొక్కలేదు. వంగి, ప్లగ్గు గోడలోంచి పీకేశాడు. వైరు చుట్ట చుట్టుకుంటూ వచ్చి ఆవిడ ఒళ్ళో, బంగాళదుంప తొక్కల మీద పెట్టాడు.

"ఇది మీరు పట్టుకోండి."

"ఎంతసేపు?"

"వాన తగ్గేదాకా. తగ్గాక నేనడిగినా ఇవ్వకండి."

రీక్ ఆ వైరు ఊలు దారంలా చేతికి చుట్టుకుంది. చీకటి పడేదాకా ఒంటి చేత్తోనే దుంపలు ఒలిచింది. ఆ పూట అవి చతురస్రంగా వచ్చాయి.

ఆదివారం వాన వెలిసి నీళ్ళు మళ్ళీ గీత దగ్గరికి తగ్గాయి. సోమవారం ఫెన్నా వచ్చి అన్ని గొట్టాల్లోనూ గుండు వదిలింది. పద్దెనిమిది ముందు గొట్టంలో కప్ప వెంటనే దూకింది. కాగితం మీద రాసి సంతకం చేసింది. వరస ఖాళీ చెయ్యక్కర్లేదు. పైనున్న రొట్టె భాగానికి వచ్చే ఏడు మరమ్మతు చెయ్యాలి, ఎనిమిది ఇళ్ళూ కలిసి. ఓకర్సె గారు ఆ కాగితాన్ని పేవ్‌మెంట్ మీద నిలబడి పైకి చదివారు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అద్దాలు కాదు. అందరం అందరి చేతులూ ఊపి అభినందనలు చెప్పుకున్నాం, పుట్టినరోజులా.

తూనిస్ అక్కడ లేడు. ఓకర్సె నన్ను మోచేత్తో పొడిచి, "నువ్వెళ్ళి చెప్పిరా. నేనింకా మాట్లాడటం లేదు" అన్నారు.

తలుపు తీసే ఉంది. తూనిస్ నడవలో బోర్లా పడుకుని ఉన్నాడు, గడ్డం మూత అంచుకి ఆనించి, కిందికి చూస్తూ. పక్కన కుర్చీలో రీక్.

"కాగితం వచ్చిందయ్యా" అన్నాను. "అందరం ఇక్కడే ఉంటున్నాం."

ఆయన కళ్ళు నీళ్ళ మీంచి తియ్యలేదు. చెయ్యి మాత్రం వెనక్కి, నా వైపు ఊపాడు.

"మంచిది" అన్నాడు గుసగుసగా. "కాస్త మెల్లగా నడవండి. ఇప్పుడే కదలకుండా నిలబడ్డాయి."